అమ్మకు ఎక్కించిన గ్లూకోజు

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక సాయంత్రం ఊరి నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. అమ్మకు నాలుగు రోజులుగా నీరసంగా ఉంటోందనీ, అన్నం సహించక గంజీ పలచటి మజ్జిగా తాగి పడుకుంటోందనీ, వడదెబ్బ తగులుతుందన్న భయంతో చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోందనీ చెప్పాడు. ఆ పొద్దుట తనను ఎప్పుడో పోయిన మా మేనమామ పేరు పెట్టి పిలిచిందని కూడా, నవ్వుకోవలసిన సంగతిలాగే చెప్పాడు. "డాక్టరు గారొచ్చారన్నయ్యా, ఓ బాటిలు పెడితే తేరుకుంటుందంటున్నారు. పెట్టించెయ్యమంటావా?" అని అడిగాడు. ఆ డాక్టరు గారు వైద్య కళాశాలలో చదివినవారు కారు. మా వైపు పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలుచుకునే మనిషి, అర్ధరాత్రి కబురు పెట్టినా బండి వేసుకుని వచ్చే మనిషి.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. మూత్రపిండపు నాళికనైనా నాడీకణాన్నైనా బోర్డు మీద కళ్ళు మూసుకుని గీయగలను. ఆ సాయంత్రం నేను అడగవలసిన ప్రశ్నలు కనీసం మూడున్నాయి: అమ్మ ఏ బీపీ మాత్ర వేసుకుంటోంది, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతోంది, పెట్టబోయే సీసా మీద ఏమని రాసి ఉంది. ఒక్కటీ అడగలేదు. "పెట్టించెయ్యరా, ఎండదెబ్బేమో" అన్నాను.

పెట్టినది అయిదు శాతం డెక్స్‌ట్రోసు (గ్లూకోజుకే మరో పేరు), అర లీటరు సీసాలు రెండు. కిటికీ ఊచకు పురికొసతో తలకిందులుగా కట్టారు. చేతి మీద ప్లాస్టరు అంటించి, చుక్కలు లెక్కపెట్టి, రెండోది అయ్యేసరికి రాత్రి పదయింది. తెల్లవారుజామున అమ్మకు ఫిట్సు వచ్చింది. పట్టణంలో ఆస్పత్రికి తీసుకువెళ్ళాక చేసిన రక్తపరీక్షలో సోడియం, అంటే ఉప్పులో ఉండే మూలకం, 112 అని తేలింది. మామూలుగా అది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్ళ మధ్య ఉండాలి.

ఈ వ్యాసం ఆ ఆర్‌ఎంపీ మీద ఫిర్యాదు కాదు. ఆయన చేసినది తప్పే, కాని ఆ తప్పుకు ఫోనులో తలూపినవాణ్ణి నేను. నా ఫిర్యాదు మనందరి బుర్రల్లో పాతుకుపోయిన ఒక నమ్మకం మీద, ఆ నమ్మకాన్ని ముట్టుకోకుండా శరీరధర్మశాస్త్రం చెప్పే మా పద్ధతి మీద. బలం అనేది ఒక సరుకనీ, అది ఒంట్లో తగ్గితే బయటి నుంచి పోసి నింపవచ్చనీ మనం అనుకుంటాం. శరీరం గురించి నాకు తెలిసినంతలో ఇంతకంటె పొరపాటైన ఊహ లేదు. ఒంట్లో బలమంటే నిలవ ఉన్న సరుకు కాదు, పొరకు ఇవతలా అవతలా నిత్యం ఖర్చు పెట్టి నిలబెట్టుకునే ఒక తేడా. ఆ తేడా ఏమిటో కణం దగ్గర మొదలుపెట్టి నాడి దాకా ఒకే కథగా చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు. నాకే సమయానికి అర్థం కాలేదు కదా.

ముందు సీసాల లెక్క చూద్దాం. అర లీటరు అయిదు శాతం డెక్స్‌ట్రోసులో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. దాని నుంచి వచ్చే శక్తి 100 కేలరీలకు మించదు, అంటే రెండు ఇడ్లీల పాటి. సోడియం సున్నా. ఆ గ్లూకోజును కణాలు ఒకటి రెండు గంటల్లో లోపలికి తీసుకుని వాడేసుకుంటాయి, మిగిలేది ఉత్త నీళ్ళు. కాబట్టి ఆ రాత్రి మా అమ్మకు ఎక్కించినది, అసలు విషయానికి వస్తే, ఒక లీటరు మంచినీళ్ళు. ఉత్త నీళ్ళను నేరుగా రక్తంలోకి పంపితే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోతాయి కనుక, లోపలికి వెళ్ళేంత వరకు వాటిని కాపాడటానికే ఆ పంచదార. బలానికి కాదు. సెలైను అని మనం పిలిచే రెండో రకం సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, కేలరీలు ఒక్కటీ ఉండవు. పల్లెలో ఈ రెంటినీ కలిపి "గ్లూకోజు ఎక్కించుకోవడం" అంటారు. ఒకటి ఉప్పునీరు, ఒకటి చివరికి చప్పనీరు. చేసే పనిలో ఈ రెంటికీ ఉన్న దూరం చిన్నది కాదు.

మూడో రకం, ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) అని చీటీల మీద రాసే సీసా, పుట్టుకలో ఒక ముచ్చట ఉంది. 1880లలో లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో కొట్టుకునేలా చేశాడు. ఆ ద్రావణాన్ని సహాయకుడు స్వేదనజలంతో కాక కొళాయి నీళ్ళతో కలిపాడని తరువాత తెలిసింది. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కొళాయి నీళ్ళలో ఉన్న కొద్దిపాటి కాల్షియమే దాన్ని నడిపిందని ఆయన 1883లో ప్రకటించాడు. గుండె ఎంత కొట్టుకుంటుందన్నది దాని "బలం" మీద కన్నా అది ఏ నీటిలో మునిగి ఉందన్న దాని మీద ఆధారపడి ఉందని తేల్చిన ప్రయోగం అది. నేను దీన్ని ప్రతి ఏడాదీ తరగతిలో చెబుతాను. పిల్లలు నవ్వుతారు, నోట్సులో రాసుకోరు, ఎందుకంటే ప్రవేశపరీక్షలో అడగరు.

మన భాష కూడా ఇక్కడ కొంత మోసం చేస్తుంది. సూది గుచ్చేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది, అది సిర. పిక్క బిగుసుకుంటే "నరం పట్టేసింది" అంటాం, అది కండరమో స్నాయువో. కాలు తిమ్మిరెక్కితే "నరాల బలహీనత" అంటాం, ఇది ఒక్కటే నిజమైన నాడి. మూడింటికీ ఒకే మాట. నాడి అన్న మాట ఏమన్నా తేటగా ఉందా అంటే అదీ లేదు: నాడి చూడటమంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని చూడటం, నాడీవ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము, నాడులు. ఈ మాటల ముడిలో నుంచి చూస్తే, "నరం" లోకి బలాన్ని ఎక్కిస్తే అది "నరాల" గుండా ఒళ్ళంతా పాకి "నరాల నీరసం" పోగొడుతుందనుకోవడం ఎంత సహజమో తెలుస్తుంది. ఎర్రటి బీ కాంప్లెక్స్ సూది మందు ఈ ముడి మీదనే ఇన్నేళ్ళు బతికింది. బీ12 లోపించినవారికి అది నిజంగా మందే, కాదనను. లోపించిందో లేదో చూసి ఇచ్చిన సూదులు ఎన్ని అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు కణం దగ్గరికి వస్తాను. కణమంటే ఉప్పునీటిలో తేలుతున్న, కొవ్వు పదార్థపు పలచటి పొరతో చేసిన సంచి. పొర మందం మిల్లీమీటరులో రెండు లక్షల వంతు ఉంటుంది. బయటి నీటిలో సోడియం ఎక్కువ, లీటరుకు 140 మిల్లీమోళ్ళ దరిదాపు; పొటాషియం తక్కువ, 4 దరిదాపు. లోపల సరిగ్గా తలకిందులు: పొటాషియం 140, సోడియం పది పదిహేను. పొరకు సన్నటి చిల్లులున్నాయి, వాటిలో నుంచి సోడియం లోపలికీ పొటాషియం బయటికీ కారుతూనే ఉంటాయి. ఊరుకుంటే రెండు పక్కలా సమానమవుతాయి, సమానమైన రోజు కణం చచ్చిన రోజు. అలా కాకుండా పొరలో ఒక ప్రొటీను రాత్రనక పగలనక సోడియాన్ని మూడేసి చొప్పున బయటికి తోడిపోస్తూ, పొటాషియాన్ని రెండేసి చొప్పున లోపలికి లాగుతూ ఉంటుంది. అడుగున చిల్లు పడ్డ నావలో ఒకడు నీళ్ళు తోడుతుంటేనే రెండోవాడు తెడ్డు వేయగలిగినట్టు, ఈ తోడకం సాగుతుంటేనే ఒంట్లో మిగిలిన పనులన్నీ సాగుతాయి.

మూడు బయటికి, రెండు లోపలికి. ఈ అంకెలు నా విద్యార్థులను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎందుకు తోడాలి అంటే మాత్రం తరగతి మొత్తం నేల చూపులు చూస్తుంది. జవాబు చాలా పాతది, నాడితో సంబంధం లేనిది. కణంలో ప్రొటీన్ల వంటి పెద్ద అణువులు బయటికి పోలేక చిక్కుకుని ఉంటాయి, అవి నీటిని లోపలికి లాగుతాయి. ఉప్పును బయటికి తోడి ఆ లాగుడును సరితూచకపోతే కణం ఉబ్బి పగులుతుంది. మొక్కలు ఈ చిక్కును గోడ కట్టుకుని తీర్చుకున్నాయి. ఉబ్బినా గోడ ఆపుతుంది. జంతువు గోడ కట్టుకోలేదు, కట్టుకుంటే కదలలేదు. అందుకు బదులు జీవితాంతం తోడే పనికి ఒప్పుకుంది. నాడులూ కండరాలూ మెదడూ ఈ తోడకం వల్ల ఏర్పడిన తేడాను తరువాతి కాలంలో వేరే పనులకు వాడుకున్నవే. అంటే ఉబ్బిపోకుండా ఉండటం కోసం చేసిన ఖర్చు మీద వచ్చిన వడ్డీయే మన ఆలోచన అనవచ్చు.

ఈ తోడే ప్రొటీనును 1957లో డెన్మార్కులో యెన్స్ స్కౌ పీత కాళ్ళ నరాలను నూరి కనిపెట్టాడు, నలభై ఏళ్ళ తరువాత 1997లో నోబెల్ ఇచ్చారు. దాన్ని ఆపేసే విషాలు మొక్కల్లో ఉన్నాయి. మన పల్లెల్లో గన్నేరు పప్పు పేరు తెలియనివారుండరు. గన్నేరు విషం గుండె కండరంలో పట్టుకునేది సరిగ్గా ఈ పంపునే. గుండె లయ తప్పుతుంది, తోడకం ఆగిన కణాల్లోకి తిరిగి వెళ్ళలేని పొటాషియం రక్తంలో పెరుగుతుంది. గుండె రోగులకు తగుపాళ్ళలో ఇచ్చే డిజాక్సిన్ కూడా ఆ కుటుంబపుదే.

తోడటానికి కూలి కావాలి. ఆ కూలి ఏటీపీ, అంటే కణం తన పనులకు ఖర్చు పెట్టే శక్తిని మోసే అణువు. ఇక్కడ ఒక భీమవరం మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను, అందులో మా ఊరు అక్కడికి దగ్గర కూడా. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోనూ కండలోనూ భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. ఆ కొలతను పట్టుకునే పని చేస్తూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను కనిపెట్టారు. 1929లో ఏటీపీని కండరం నుంచి వేరు చేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. కండ ముడుచుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటిదాకా ఉన్న సిద్ధాంతం, 1922లో నోబెల్ అందుకున్న సిద్ధాంతం, దీనితో కూలిపోయింది. తరువాత ఆయన బృందం బోదకాలుకు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్ మందును తెచ్చిందని మా వైపు చాలామందికి తెలియదు, ఆ మాత్ర మింగనివాళ్ళు మాత్రం తక్కువ.

ఏటీపీ విషయంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే లెక్క ఒకటుంది. ఏ క్షణంలో చూసినా ఒంట్లో అది మహా అయితే వందా రెండు వందల గ్రాములు ఉంటుంది. రోజు మొత్తంలో తయారై ఖర్చయ్యేది మాత్రం దాదాపు మన బరువంత. అంటే ఒకే నోటు రోజుకు కొన్ని వందల సార్లు చేతులు మారుతోందన్నమాట. నిలవ లేదు, చలామణీ మాత్రమే ఉంది. కదలకుండా పడుకున్న మనిషి ఖర్చులో ఇంచుమించు అయిదో వంతు ఆ సోడియం తోడకానికే పోతుంది. మెదడులోనైతే సగం పైనే. మన బరువులో నూటికి రెండు వంతులున్న మెదడు తిండిలో అయిదో వంతు తినడం ఆలోచనలు భారమై కాదు, ఉప్పు తోడటానికి. బలం పోసి నింపవచ్చనుకునేవారికి ఈ లెక్క చెప్పాలి: నింపడానికి పాత్రే లేదు.

ఇక నాడి. పొరకు లోపలి పక్క బయటి పక్క కన్నా 70 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. వినడానికి అతి స్వల్పం. కాని పొర ఎంత పలచనో గుర్తుంచుకుంటే అది సెంటీమీటరుకు లక్ష వోల్టులు దాటిన ఒత్తిడి. వరద రోజుల్లో లాకు తలుపుల వెనక నిలిచిన కాలువలాగా సోడియం బయట ఆగి ఉంటుంది. నాడి చేసేదల్లా లాకు తీయడమే. తీసిన చోట సోడియం లోపలికి దూకుతుంది, ఆ దూకుడుకు పక్క లాకు తెరుచుకుంటుంది, దానికి ఆ పక్కది. వెయ్యో వంతు సెకనులో ఒక్కో చోట పని అయిపోతుంది, పొటాషియం బయటికి నడిచి పాత స్థితి తెస్తుంది. తీగలో కరెంటులాగా ఎలక్ట్రానులు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తడం ఇందులో లేదు. సోడియం అడ్డంగా దూకుతుంది, వార్త నిలువుగా పోతుంది.

దీన్ని లెక్క గట్టి నిరూపించినవారు కేంబ్రిడ్జికి చెందిన అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ. స్క్విడ్ అనే సముద్రజీవిలో అర మిల్లీమీటరు పైన లావుండే నాడీతంతువు ఒకటుంది. 1939లో ప్లిమత్ తీరంలో దాని లోపలికి సన్నటి ఎలక్ట్రోడును దూర్చి, ప్రచోదనం (నాడి మోసే ఆ వార్త) వచ్చినప్పుడు లోపలి పక్క సున్నా దగ్గర ఆగకుండా దాన్ని దాటి ధనాత్మకం కావడం చూశారు. అంతలో యుద్ధం వచ్చి ఆ పని ఏళ్ళ తరబడి ఆగింది. 1952లో పూర్తి సమీకరణాలు ప్రచురించే ముందు విశ్వవిద్యాలయపు కంప్యూటరు అందుబాటులో లేకపోతే హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద వారాల తరబడి లెక్కలు చేశాడు. వీటన్నిటి కన్నా నాకు ఇష్టమైన ప్రయోగం 1961 నాటిది: ఆ తంతువులో ఉన్న పదార్థాన్నంతా రోలరుతో పేస్టు ట్యూబును నొక్కినట్టు పిండేసి, దాని బదులు ఉత్త పొటాషియం ద్రావణం నింపారు. ఆ ఖాళీ తొడుగు గంటల తరబడి ప్రచోదనాలు పంపుతూనే ఉంది. లోపలి సరుకుతో పని లేదు. పొర ఉండాలి, పొరకు ఇటూ అటూ తేడా ఉండాలి, అంతే.

దీన్ని ఇంట్లో చూడాలంటే చీకట్లో గడపకు కాలి బొటనవేలు కొట్టుకుంటే చాలు. మొదట చురుక్కుమన్న నొప్పి, వెంటనే కాలు దానంతటదే వెనక్కి వస్తుంది. "అమ్మా" అని కూర్చుని వేలు పట్టుకునేలోపు, ఒక సెకను ఆలస్యంగా, మంటలాంటి రెండో నొప్పి మెల్లగా ఎక్కుతుంది. దెబ్బ ఒకటే, వార్త మోసే దారులు రెండు. ఒకటి మయలిన్ అనే కొవ్వు తొడుగు వేసుకున్న తంతువు, సెకనుకు పది ఇరవై మీటర్ల వేగంతో పోతుంది. రెండోది తొడుగు లేనిది, సెకనుకు మీటరు నడక. బొటనవేలి నుంచి వెన్నుపాముకు దూరం ఇంచుమించు మీటరు కదా. కండరాలను కదిలించే లావుపాటి తంతువుల్లో ఈ వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది, అదంతా తొడుగు మహిమ. తొడుగు విలువ నాకు పాఠంలో కన్నా ఆస్పత్రి వరండాలో బాగా తెలిసింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ముందు అడిగిన ప్రశ్న, నేను తమ్ముణ్ణి అడగవలసిన ప్రశ్నే: "బీపీకి ఏ మాత్ర వేస్తున్నారండీ?" తమ్ముడు సంచిలో నుంచి అట్ట తీసి చూపించాడు. రెండు మందులు కలిపిన మాత్ర, అందులో ఒకటి నీటి మందు, థయజైడ్ జాతిది. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, లీటరున్నర తప్ప మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. మనం ఎక్కువ నీళ్ళు తాగిన రోజున నాళికలో ఒక మలుపు దగ్గర ఉప్పును వెనక్కి పీల్చుకుని, చప్పనీటిని బయటికి వదలడం వాటి ఉపాయం. థయజైడ్ సరిగ్గా ఆ మలుపు దగ్గర ఉప్పు పీల్చే ప్రొటీనును మూసేస్తుంది. లక్షలమందికి దానితో బీపీ చక్కగా తగ్గుతుంది, ఏ ఇబ్బందీ ఉండదు. కాని డెబ్బై దాటిన సన్నపాటి మనిషి, అన్నం మానేసి గంజి తాగుతూ, భయంతో చెంబులకు చెంబులు నీళ్ళు తాగితే, ఆ నీటిని బయటికి పంపే దారి మూసుకుపోయి ఉంటుంది. రక్తంలో ఉప్పు పోయిందనడం కన్నా నీరు నిండిందనడం సరి. అమ్మ విషయంలో నీరసమూ, మేనమామ పేరూ ఆ నిండిన నీటి గుర్తులే. దాని మీద మేము మరో లీటరు పోశాం.

రక్తం పలచబడితే నీరు కణాల్లోకి నడుస్తుంది. ఒళ్ళంతా కొద్దికొద్దిగా ఉబ్బినా ఫరవాలేదు, చర్మం సాగుతుంది. మెదడు మాత్రం పుర్రెలో ఉంది, పుర్రె సాగదు. మెదడు కణాలకు దీనికి ఒక విరుగుడు తెలుసు: రెండు రోజుల వ్యవధి దొరికితే, తమ లోపల ఉన్న టారిన్, గ్లూటమేట్ వంటి పదార్థాలను బయటికి పారేసి, లోపలి గాఢతను తగ్గించుకుని ఉబ్బును తీర్చుకుంటాయి. అందుకే అమ్మ అంత తక్కువ సోడియంతో కూడా గంజి తాగుతూ నెట్టుకురాగలిగింది. ఆ రాత్రి ఎక్కిన లీటరుకు సర్దుకోవడానికి వ్యవధి లేదు.

నేను డాక్టరుతో వాదానికి దిగిన చోటు ఇదే. ఫిట్సు ఆగడానికి మూడు శాతం ఉప్పునీరు కొంచెం ఇచ్చి, సోడియం కొద్దిగా పెరగగానే ఆయన వేగం తగ్గించేశారు. "తక్కువుందని తెలిసింది కదండీ, నిండుగా ఎక్కించెయ్యరేం?" అన్నాను. బలం పోసి నింపవచ్చన్న నమ్మకం నాలో కూడా ఎంత లోతుగా ఉందో ఆ ప్రశ్న వల్లే నాకు తెలిసింది. ఆయన విసుక్కోకుండా చెప్పారు: "సోడియం రోజుకు ఎనిమిదికి మించి పెరగనివ్వమండి. తొందరపడితే మయలిన్ పోతుంది." తమ సామాను బయట పారేసుకుని సన్నబడిన మెదడు కణాల చుట్టూ ఒక్కసారిగా ఉప్పు పెంచితే అవి ముడుచుకుపోతాయి, మయలిన్ చుట్టే కణాలు చచ్చిపోతాయి, ముఖ్యంగా మెదడు కాండంలో. మాట, మింగుడు, కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. తాగుడుతోనూ పోషణలేమితోనూ చిక్కినవారిలో ఈ జబ్బును 1959లోనే వర్ణించారు. సోడియాన్ని తొందరపడి పెంచడమే ముఖ్య కారణమని తెలియడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. పారేసిన సామాను తిరిగి కూర్చుకోవడానికి కణాలకు రోజులు కావాలి. 112, 119, 126, 131. నాలుగు రోజుల పాటు ఆ అంకెల కోసమే ఎదురుచూశాం. మూడో రోజు సాయంత్రం తమ్ముణ్ణి తమ్ముడి పేరుతోనే పిలిచింది.

ఇప్పుడు ఎదుటివారి వాదన. "ఊళ్ళో ఇంతమంది బాటిళ్ళు పెట్టించుకుంటున్నారు, లేచి తిరుగుతున్నారు కదా?" అని మా తమ్ముడే అడిగాడు. నిజమే. విరేచనాలతో ఎండిపోయిన మనిషికి సెలైను ఎక్కిస్తే అరగంటలో కళ్ళు తెరుస్తాడు, అది భ్రమ కాదు. నాళాల్లో ద్రవం తగ్గి పడిపోయిన బీపీ లేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి అనవసరంగా ఎక్కించినా మూత్రపిండాలు నెమ్మదిగా తీసి బయట పారేస్తాయి. కాబట్టి ఎక్కించిన నూరుమందిలో ఎక్కువమందికి మేలో, లేక ఏమీ కాకపోవడమో జరుగుతుంది. నమ్మకం బలపడేది అక్కడే. మిగిలిన ఆ ఒకరిద్దరు, నీటి మాత్ర వేసుకునే ముసలమ్మో, గుండె నీరుపట్టిన తాతో, కిడ్నీ చెడినవాడో, లెక్కలోకి రారు. "వయసయిపోయింది" అంటారు.

పైగా నోటితో తాగితే సరిపోయే చోట కూడా సూది కావాలనడం మనకు అలవాటు. పేగు గోడలోని ఒక ప్రొటీను సోడియాన్నీ గ్లూకోజునూ జంటగానే లోపలికి తీసుకుంటుందని రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో చెప్పాడు. అక్కడా దాన్ని నడిపేది ఆ పాత తోడకమే: లోపల సోడియాన్ని తక్కువగా ఉంచితేనే బయటిది పంచదారను వెంటబెట్టుకుని దూకుతుంది, వాటి వెనక నీరు నడుస్తుంది. ఓఆర్‌ఎస్ అంటే ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాలులోని బనగాం శరణార్థి శిబిరంలో సెలైను అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న కలరా మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఇప్పటి పొట్లంలో లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. మిల్లీమోళ్ళలో లెక్కిస్తే సోడియమూ గ్లూకోజూ సరిగ్గా 75కు 75. ఈ పాళ్ళు మారితే పని మారుతుంది, పంచదార ఎక్కువైతే పేగులోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకుండా ఆపడానికి మాత్రం 2025 అక్టోబరు దాకా పట్టింది. మా అమ్మకు ఆ రోజు ఓఆర్‌ఎస్ తాగించినా సరిపోయేది కాదని కూడా ఒప్పుకోవాలి. ఆమెకు కావలసింది నీరు తగ్గడం, ఆ మాత్ర ఆగడం.

నేను పాఠం చెప్పిన ఎక్కువ కాలం కణం బోటనీ పాఠం, అదీ మొదటి ఏడాది. నాడి జువాలజీ పాఠం, రెండో ఏడాది. కణం చెప్పేది ఒక లెక్చరరు, నాడి చెప్పేది ఇంకొకరు, మధ్యలో వేసవి సెలవులు. కణపొరను గురించి బోటనీలో నేర్చుకున్నది నాడి దగ్గర గుర్తు చేయడానికి నాకు పిరియడ్లు మిగిలేవి కావు. మిగిలినా నేను చేసేవాణ్ణి కాదేమో. జీర్ణవ్యవస్థ, విసర్జనవ్యవస్థ, నాడీవ్యవస్థ అని గదులు గదులుగా పంచి చెప్పాం. గదులకు మధ్య గోడలున్నాయని పిల్లలు నమ్మారు, వాళ్ళలో కొందరు డాక్టర్లయ్యారు, ఎక్కువమంది తల్లిదండ్రులకు బాటిళ్ళు పెట్టించేవాళ్ళయ్యారు. నేను కోరేది సిలబసు పెంచడం కాదు. ఉప్పు దగ్గర మొదలుపెట్టి అన్ని వ్యవస్థలనూ ఆ ఒక్క దారం మీద గుచ్చి చెప్పమంటున్నాను. అవయవాల పేర్లు కొన్ని జారిపోతే పోనీ.

ఇది పల్లెవాళ్ళకు అర్థం కాదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. మా తమ్ముడికి రెండెకరాల చెరువుంది. నీటిలో ఉప్పదనం ఎన్ని పీపీటీ (వెయ్యి పాళ్ళలో ఉప్పు ఎన్ని పాళ్ళు) ఉందో కన్ను దగ్గర గొట్టం పెట్టుకుని చూసి చెబుతాడు. బోరు నీళ్ళ చెరువులో రొయ్య వంకర తిరిగి బిగుసుకుంటే అది పొటాషియం, మెగ్నీషియం తక్కువై అని వాడికి తెలుసు, పొటాష్ బస్తా తెప్పించి చల్లుతాడు. సోడియానికీ పొటాషియానికీ ఉండవలసిన పాళ్ళ గురించి మందుల దుకాణం కుర్రాడితో బేరం ఆడినంత ధీమాగా వాదిస్తాడు. ఆస్పత్రి వరండాలో కూర్చుని మనిషి రక్తం కూడా ఇంచుమించు 9 పీపీటీ చెరువేనని నేను చెబితే, వాడు కాసేపు మాట్లాడలేదు. "వారానికోసారి చెరువు నీళ్ళు ల్యాబుకి పంపిస్తానన్నయ్యా" అన్నాడు చివరికి. అమ్మ రక్తంలో సోడియం ఆ ఆస్పత్రికి వచ్చేదాకా ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు.

అయిదో రోజు ఇంటికి పంపేశారు. నీటి మాత్ర తీసేసి వేరే జాతి బీపీ మాత్ర రాశారు, పది రోజుల తరువాత పరీక్ష చేయిస్తే సోడియం 136 ఉంది. కాగితం అమ్మకు చదివి వినిపించాను. మా ఇంట్లో అది ఆవకాయ కలిపే రోజులు, బీపీ అని మూడేళ్ళుగా ఆమె ఆవకాయ జోలికి పోలేదు. "ఉప్పు తక్కువైందనే కదురా ఇంత గొడవైంది" అంది. తక్కువైంది ఉప్పు కాదనీ, ఎక్కువైంది నీరనీ, బీపీ ఎక్కడికీ పోలేదనీ, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. అంతా విని, "అయితే ముక్క వద్దులే, ఊట వెయ్యి" అంది.